ఓడ వెళ్ళిపోయాక వచ్చే అల

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఓడ గానీ, లాంచీ గానీ, ఆఖరికి చెరువులో బాతు గానీ నీళ్ళ మీద సాగిపోతూంటే, దాని వెనకాల అలలు రెండు పాయలుగా విడిపోతూ రావటం మీరంతా చూసే ఉంటారు. నడినెత్తిన పాపిట తీసి జుట్టుని చెరో పక్కకీ దువ్వినట్టుగా ఉంటుంది. మధ్యలో తెల్లటి నురగ దారి, అటూ ఇటూ అలల పాయలు. దూరం నుంచి చూస్తే ఇంగ్లీషు 'వి' అక్షరాన్ని నీటి మీద రాసినట్టు ఉంటుంది.

"ఇందులో ఏముందండీ, పెద్ద ఓడకి పెద్ద అల, చిన్న పడవకి చిన్న అల, అంతే కదా!" అంటారేమో. అది సగం మాటే. అలని పుట్టించేది ఓడే, కాదనను. కాని పుట్టిన అలని ఎంత వెడల్పున పరచాలి, ఎంత ఎత్తు లేపాలి, ఎంత దూరం పంపాలి అన్నది నిర్ణయించేది నీరు. నీరు లోతా, లోతు తక్కువా? పైనా కిందా ఒకటే నీరా, పొరలు పొరలుగా ఉందా? పైన జిడ్డు తేలుతోందా, లేదా? ఈ మూడింటిని బట్టి, అదే ఓడ అదే వేగంతో పోతున్నా వెనకాల అలల తీరు మారిపోతుంది.

"ఇల్లూ వంటా పిల్లల చదువులూ చూసుకునే మనకి ఓడల గొడవ దేనికి?" అనుకోకండి. స్నానాల రేవులో, బీచిలో, లాంచీ ప్రయాణంలో పిల్లల చెయ్యి పట్టుకుని ఉండేది మనమే. ఓడ దగ్గరగా ఉన్నప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. అది వెళ్ళిపోయిందని చెయ్యి వదిలేసిన తరవాత వస్తుంది అసలు అల. ఎందుకలా వస్తుందో తెలిస్తే ఆ చెయ్యి వదలం. ఇంకో కారణం కూడా ఉంది. ఈ నీటి కథలో ఒక ముఖ్యమైన సంగతిని వంటింట్లో అంట్ల నీళ్ళు చూసి కనిపెట్టింది ఒక ఇల్లాలే. ఆవిడ సంగతి ముందు ముందు చెబుతాను.

ముందుగా లోతైన నీళ్ళు.

1887లో లార్డ్ కెల్విన్ అనే శాస్త్రవేత్త ఎడిన్‌బరో నగరంలో ఓడ అలల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. లోతైన నీటిలో ఓడ వెనక పడే 'వి' ఆకారం ఎప్పుడూ ఒకే కోణంలో ఉంటుందని లెక్క కట్టి చూపించాడు. ఓడ నడిచిన దారి నుంచి ఒక్కో పక్కకీ సుమారు 19న్నర డిగ్రీలు, రెండు పక్కలా కలిపి 39 డిగ్రీలు. ఓడ నెమ్మదిగా పోయినా అంతే, వేగంగా పోయినా అంతే. సముద్రం మీద పెద్ద ఓడకీ, లోతైన చెరువులో ఈదే బాతుకీ ఒకటే కోణం! మనకి పనికొచ్చే లెక్కలో చెప్పాలంటే, ఓడకి 100 మీటర్ల వెనక అలలు ఒక్కో పక్కకి 35 మీటర్ల దాకా పరుచుకుంటాయి. కిలోమీటరు వెనక 350 మీటర్ల దాకా.

ఎందుకలా? ఊరేగింపుని గుర్తు చేసుకోండి. ఊరేగింపు మెల్లిగా సాగుతూ ఉంటుంది. అందులో కుర్రవాళ్ళు వెనక నుంచి బయలుదేరి, జనం మధ్యనుంచి ముందుకి పరిగెత్తి, ముందుకి చేరగానే ఆగిపోతారు. వెనకాల ఇంకొకడు బయలుదేరతాడు. లోతు నీటిలో అలల గుంపు అచ్చం ఇలాగే నడుస్తుంది. ఒక్కొక్క అల గుంపు వెనక పుట్టి, ముందుకి పరిగెత్తి, కొసకి చేరి మాయమవుతుంది. గుంపు మాత్రం అల వేగంలో సరిగ్గా సగం వేగంతో నడుస్తుంది. చిన్న అలలైనా, పెద్ద అలలైనా ఆ సగం వాటా మారదు. అందుకే కోణమూ మారదు. ఓడ వేగం పెరిగితే మారేది అలల పొడవు. గంటకి 18 కిలోమీటర్లు పోయే ఓడ వెనక ఒక అల తల నుంచి రెండో అల తలకి 16 మీటర్ల దూరం ఉంటే, గంటకి 36 కిలోమీటర్లు పోయే ఓడ వెనక 64 మీటర్లు ఉంటుంది. వేగం రెండింతలైతే అల పొడవు నాలుగింతలన్నమాట.

ఇక్కడ చిన్న మినహాయింపు ఉంది. చాలా వేగంగా పోయే చిన్న మోటారు పడవల జాడ ఇంతకన్నా సన్నగా కనిపిస్తుంది. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు కొలిచి 2013లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు రబో, మొయిసీ ఈ సంగతి చూపించారు. ఆ వేగంలో ఎత్తయిన అలలు 'వి' అంచున కాకుండా లోపలి వైపు పడతాయి. మన కంటికి ఆనేవి అవే కదా!

బాతు మరీ నిదానంగా, సెకనుకి 23 సెంటీమీటర్ల కన్నా తక్కువ వేగంతో ఈదితే వెనకాల అలలే పుట్టవు. నీటి మీద అంతకన్నా నెమ్మదిగా నడిచే అల లేదు మరి. అలాగే, లెక్కలోకి వచ్చేది నీటితో పోల్చిన వేగమే గాని గట్టుతో పోల్చిన వేగం కాదు. పారే కాలవలో పాతిన గుంజ కదలకపోయినా దాని వెనక అలలు పాయలుగా విడిపోవటం చూశారుగా? నీరే కదులుతోంది కాబట్టి గుంజే ప్రయాణం చేస్తున్నట్టు లెక్క.

ఇప్పుడు లోతు తక్కువైన నీళ్ళ సంగతి. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అంచులు ఎత్తుగా ఉన్న పెద్ద పళ్ళెంలో ఒక సెంటీమీటరు మందం నీళ్ళు పోసి, ఒక పక్క కొద్దిగా ఎత్తి వదలండి. ఒక అల ఆ చివరకి వెళ్ళి తిరిగి వస్తుంది. తరవాత నాలుగు సెంటీమీటర్లు పోసి మళ్ళీ అలాగే చెయ్యండి. ఈసారి అల రెండింతల వేగంతో పరిగెడుతుంది. లోతు తక్కువైన నీటిలో అల ఎంత వేగంగా నడవగలదో లోతే నిర్ణయిస్తుంది. మీటరు లోతు నీటిలో ఆ హద్దు గంటకి 11 కిలోమీటర్లు. నాలుగు మీటర్ల లోతులో 22 కిలోమీటర్లు. పది మీటర్ల లోతులో 36 కిలోమీటర్లు. నీళ్ళు అంతకన్నా వేగంగా అలని మోయలేవు.

ఓడ వేగం ఆ హద్దుకి దగ్గర పడుతున్నకొద్దీ ఏమవుతుందంటే, ఇందాకటి సగం వాటా పోయి, అలల గుంపు కూడా అల వేగంతోనే నడవటం మొదలుపెడుతుంది. ఓడ ఇచ్చిన బలం వెనక్కి జారిపోకుండా దాని చుట్టూనే పోగుపడుతుంది. 'వి' ఆకారం విచ్చుకుంటూ, విచ్చుకుంటూ, హద్దు దగ్గరికి వచ్చేసరికి దాదాపు అడ్డంగా గీసిన గీతలా అయిపోతుంది. అలలు ఎత్తు లేస్తాయి. ఓడ వెనకభాగం నీటిలోకి కుంగుతుంది. ఎంత ఆయిలు తగలేసినా వేగం పెరగదు. ఆ హద్దు దాటి పోగలిగిన ఓడకి మాత్రం 'వి' మళ్ళీ సన్నబడుతుంది. అడ్డంగా పడే అలలు వెనకబడి మాయమైపోయి, పక్కలకి పోయే పొడుగాటి అలలే మిగులుతాయి. అవి త్వరగా చచ్చిపోవు. చాలా దూరం పోతాయి. ఈ లెక్కలన్నీ 1908లో థామస్ హేవ్‌లాక్ అనే ఆయన తేల్చాడు.

అంతకు చాలా ముందే 1834లో, ఎడిన్‌బరో దగ్గరి యూనియన్ కాలవ గట్టున జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు దీన్ని కళ్ళారా చూశాడు. రెండు గుర్రాలు గట్టున నడుస్తూ తాడుతో పడవని లాగుతున్నాయి. మన గోదావరి కాలవల్లో గూటి పడవల్ని మనుషులు గట్టున నడుస్తూ తాడుతో లాగేవారే, అలాగన్నమాట. ఆ పడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని ముందు పోగైన నీరు మాత్రం ఆగలేదు. నున్నటి ఒకే ఒక్క అలగా, 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తున, గంటకి ఎనిమిది తొమ్మిది మైళ్ళ వేగంతో కాలవ వెంట సాగిపోయింది. ఆయన గుర్రమెక్కి దాని వెంట మైలు రెండు మైళ్ళు పరిగెత్తించాడు. చివరికి కాలవ మలుపుల్లో అది కనబడకుండా పోయింది. పడవ ఆగిపోయినా అల ఆగలేదు చూశారా! ఆ మాట గుర్తుంచుకోండి.

1999 జూలై 17న ఇంగ్లండు తూర్పు తీరంలో, హార్విచ్ రేవుకి ఎదురుగా సముద్రంలో షిప్‌వాష్ అనే ఇసుక తిప్ప దగ్గర ఒక చిన్న పడవ గాలం వేటలో ఉంది. అతివేగంగా నడిచే ఫెర్రీ ఓడ ఒకటి ఆ దారిన పోయింది. దాని అలలు లోతు తక్కువైన ఆ తిప్ప మీదకి వచ్చేసరికి పైకి లేచాయి. ఆ పడవలోని ఒక మనిషి నీళ్ళలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. లోతు నీటిలో సాదాగా, పొడుగ్గా, కంటికి ఆననట్టు వచ్చే అల లోతు తగ్గేచోట కాళ్ళకి అడ్డం తగిలినట్టయి తల ఎత్తుతుంది. బీచిలో కెరటం ఒడ్డుకి వస్తూ ఎత్తు లేవటం చూస్తాం కదా, ఇదీ అదే.

వెనిస్ నగరం పేరు వినే ఉంటారు. అక్కడ వీధులే కాలవలు. ఆ ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సులో చాలాచోట్ల లోతు మనిషి నిలువు కూడా ఉండదు. మోటారు పడవల అలలు రాత్రీ పగలూ కొట్టుకుని ఇళ్ళ పునాదుల్లో సున్నం ఊడిపోతోందని 1975లో జనం తెడ్ల పడవల్లో ఊరేగింపు తీశారు. 'వోగలోంగ' పేరుతో ఆ ఆనవాయితీ మొదలైంది. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద యాత్రా ఓడల్ని ఆ ఊరి నడిబొడ్డు కాలవలోకి రానివ్వటం మానేశారు. గట్టు మట్టి అయినా, రాతి పునాది అయినా, అల పని అలదే.

ఇక పొరల నీళ్ళు. ఇది చిత్రమైన సంగతి.

1893 ఆగస్టులో నార్వే దేశస్థుడు నాన్సెన్ తన 'ఫ్రామ్' ఓడలో సైబీరియాకి ఉత్తరాన ప్రయాణం చేస్తున్నాడు. గాలీ లేదు, అలలూ లేవు. ఇంజను పూర్తి బలంతో నడుస్తోంది. అయినా ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఓడ కదలదు. నావికులు దీన్ని 'చచ్చిన నీళ్ళు' అంటారు. నాన్సెన్ ఇంకో వింత కూడా గమనించాడు. పైనుంచి ముంచితే తాగటానికి వీలైన తియ్యటి నీళ్ళు వస్తున్నాయి. ఓడ అడుగునున్న కుళాయి తిప్పితే బాయిలరుకి కూడా పనికిరానంత ఉప్పు నీళ్ళు! మంచు కరిగిన తియ్యనీరు తేలిక గనక పైన పలచగా పరుచుకుంది. బరువైన ఉప్పునీరు కిందే ఉండిపోయింది.

కారణాన్ని ఎక్‌మన్ అనే ఆయన తొట్టెలో బొమ్మ ఓడలు నడిపి, 1904లో వివరించాడు. ఓడ పుట్టిస్తున్న అలలు పైకి కనపడటం లేదు. తియ్యనీరూ ఉప్పునీరూ కలిసే చోట, లోపల పుడుతున్నాయి. రెండు నీళ్ళ బరువుల్లో తేడా చాలా కొంచెం కాబట్టి ఆ లోపలి అలలు పెద్దగా లేస్తాయి. కాని బహు నిదానంగా, మనిషి నడకంత వేగం కూడా లేకుండా కదులుతాయి. ఇంజను బలమంతా వాటిని లేపటానికే సరిపోతుంది. ఓడ ఒకసారి ఎలాగో ఆ వేగం దాటితే విడుదలే.

దీన్నీ ఇంట్లో చూడొచ్చు. ఒక గాజు సీసాలో సగం దాకా ఉప్పు దట్టంగా కలిపిన నీళ్ళు పోసి, రంగు కోసం కాస్త బీట్‌రూట్ రసం కలపండి. పైన మామూలు నీళ్ళు చెంచా మీదుగా మెల్లిగా, కలిసిపోకుండా పొయ్యండి. మూత బిగించి సీసాని కొద్దిగా వంచి నిలబెట్టండి. పైనున్న నీరు వెంటనే సర్దుకుంటుంది. లోపలి రంగు పొర మాత్రం ఇంకా తాపీగా ఊగుతూనే ఉంటుంది. పైకి నిమ్మళంగా కనపడే నీటి లోపల ఎంత కదలిక ఉందో అప్పుడు తెలుస్తుంది.

మూడోది, నీటి పైన తేలే జిడ్డు.

1757లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడల గుంపులో ప్రయాణం చేస్తూ, రెండు ఓడల వెనక నీరు మాత్రం నున్నగా ఉండటం, తక్కిన ఓడల వెనక గాలికి చిరు అలలు రేగుతూ ఉండటం చూశాడు. కారణమేమిటని కెప్టెనుని అడిగితే, "వంటవాళ్ళు జిడ్డు నీళ్ళు పారబోసి ఉంటారు, అంతే" అన్నాడట. తరవాత ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్ అనే చోట చెరువులో ఒక టీ చెంచాడు నూనె పోసి చూశాడు. అది పాకుతూ పాకుతూ అర ఎకరం మేర నీటిని అద్దంలా చేసేసింది. 1774లో ఆ సంగతులు అచ్చయ్యాయి.

అసలు జిడ్డు అలని ఎలా అణుస్తుందో కొలిచి చూపించే దారి వేసింది ఇందాక నేను చెప్పిన ఇల్లాలు. పేరు ఆగ్నెస్ పొకెల్స్. 1862లో పుట్టిన జర్మన్ వనిత. ఆ రోజుల్లో ఆడపిల్లలకి అక్కడి విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. ఇంట్లో జబ్బు మనుషులైన తల్లిదండ్రుల సేవ, వంట, అంట్లు, ఇదీ ఆవిడ దినచర్య. అంట్ల నీళ్ళ మీద జిడ్డు తేలితే నీటి పైభాగం తీరు మారిపోతోందని గమనించి, రేకు తొట్టి, దాని మీద అడ్డంగా జరిపే రేకు ముక్క, చిన్న తూకం, వీటితోనే నీటి ఉపరితలం లాగుడు ఎంతో కొలిచింది. పదేళ్ళ పాటు పనిచేసి, 1891లో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు. 1932లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవిడకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆవిడకి 70 ఏళ్ళు.

జిడ్డు పొర పలచని తెర లాంటిది. చిరు అల లేచినప్పుడల్లా అది సాగాలి, ముడుచుకోవాలి. ఆ సాగటంలో, ముడవటంలో అల బలం కరిగిపోతుంది. పెద్ద అలల్ని అది ఆపలేదు సుమండీ. సన్నటి ముడతల్నే ఇస్త్రీ చేస్తుంది. ఓడ రేపిన గాలి బుడగలు పైకి వస్తూ నీటిలో ఉన్న సహజమైన జిడ్డుని మోసుకొస్తాయి. అందుకే పక్క అలలు సద్దుమణిగాక కూడా ఓడ నడిచిన దారి నున్నటి బాటలా చాలాసేపు మిగిలి ఉంటుంది. 1978లో ఎగిరిన 'సీశాట్' ఉపగ్రహం రాడారుతో తీసిన చిత్రాల్లో ఆ బాటలు కిలోమీటర్ల కొద్దీ నల్లటి గీతల్లా కనపడ్డాయి. చాటుగా సముద్రంలో నూనె పారబోసే ఓడల్ని కూడా ఇలాంటి నల్ల మచ్చల్ని బట్టే పసిగడుతున్నారు.

ఇప్పుడు మనం చెయ్యవలసిన పని చెప్పి ముగిస్తాను.

మీరు రేవులో ఉన్నారనుకోండి. 350 మీటర్ల దూరంలో లోతు నీటిలో ఒక ఓడ గంటకి 18 కిలోమీటర్ల వేగంతో మీ ముందునుంచి దాటిపోయింది. దాని అలల అంచు మీ దగ్గరికి చేరేసరికి ఓడ కిలోమీటరు ముందుకి పోయి ఉంటుంది. అంటే మూడు నిమిషాల పైమాటే. అప్పటికి పిల్లలు మళ్ళీ ఆటలో పడి ఉంటారు, మనం మాటల్లో పడి ఉంటాం. అందుకని ఓడ దాటగానే కాకుండా, దాని అలలు వచ్చి ఒడ్డుకి కొట్టుకుని సర్దుకున్నాకే పిల్లల్ని నీళ్ళలోకి దింపండి.

ఇరుకైన కాలవలో పెద్ద ఓడ పోతున్నప్పుడు ముందు నీరు గట్టు నుంచి వెనక్కి తీస్తుంది. మెట్లు రెండు మూడు బయటపడతాయి. గవ్వలు కనపడుతున్నాయని పిల్లలు దిగబోతారు. దిగనివ్వకండి. తీసిన నీరు వెంటనే, అంతకన్నా బలంగా తిరిగి వస్తుంది. చిన్న పడవలో ఉన్నప్పుడు పెద్ద లాంచీ దాటిపోతే లేచి నిలబడవద్దు, అందరూ ఒక పక్కకి జరగవద్దు. కూర్చున్నచోటే గట్టిగా పట్టుకుని కూర్చోండి. అలకి ఎలా ఎదురుతిప్పాలో సరంగు చూసుకుంటాడు. ఇసుక తిప్పల దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, లోతు తగ్గేచోట ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

ఈసారి లాంచీ ఎక్కినప్పుడు వెనక్కి తిరిగి చూడండి. పాపిట సన్నగా, కుదురుగా ఉంటే కింద లోతుందని చాలావరకు అనుకోవచ్చు. అలల పాయలు విచ్చుకుంటూ, ఎత్తు లేస్తూ ఉంటే కింద నేల దగ్గర పడుతోందేమో అనుకుని, పిల్లల్ని దగ్గరికి తీసుకోండి.

సెలవు.